ప్రభువు ఈ మాటను ఏ రీతిగా పలికెను?

వాక్యభాగము: లూకా సువార్త 14:25-33

  రేడియోలో వినిన వర్తమానమును మరల నెమ్మదిగా చదువుకొనుటకు అచ్చులో ఇమ్మని మీలో అనేకులు అడుగుచున్నారు. అట్టి వర్తమానమొకటి ఈ నెల మీ చేతిలోనున్నది. దయచేసి బైబిలును ప్రక్కన తెరచి ఉంచుకొనుడి. నేను వచనములను ఇక్కడ పూర్తిగా వ్రాయుట లేదు. మీరే తీసి చూచుకొనవలెనని నా కోరిక.

సదుం ప్రాంతములోని ఒక పల్లెకు చెందిన యౌవనస్థుడు మాకు ఒక ఉత్తరము వ్రాసెను. అతని పేరు గాని ఊరి పేరు గాని చెప్పను. ఆ ఇంటిలో ప్రభువును మొదట నమ్మినవాడు అతడే. బాప్తిస్మము తీసికొనిన దినమున తల్లి కోపము పట్టలేక, "ఇంక నువ్వు నా కొడుకువే కాదు, నా గడప తొక్కొద్దు" అనెనట. అతడు బట్టలు సర్దుకొని పుంగనూరు చేరి, అక్కడ ఒక చిన్న గదిలో ఉండి పని చేసికొనుచున్నాడు. తరువాత తల్లి ఇద్దరు ముగ్గురి చేత కబురంపినను అతడు వెళ్ళలేదు. ఎందుచేతననగా, అతడు లూకా 14:26 చదివియుండెను. తండ్రిని, తల్లిని, భార్యాపిల్లలను, అన్నదమ్ములను, అక్కచెల్లెండ్రను, చివరకు తన ప్రాణమును సహితము ద్వేషింపనివాడు తనకు శిష్యుడు కాలేడని ప్రభువు చెప్పిన వచనమది. ఉత్తరము చివర అతడు ఇట్లు వ్రాసెను:

"అయ్యగారూ, మా అమ్మను ద్వేషించాలని ఎంత ప్రయత్నం చేసినా నా చేత కావడం లేదు. రాత్రిపూట ఆమె గుర్తుకొస్తే ఏడుపొస్తుంది. నేను ప్రభువుకు శిష్యుణ్ణి కాలేనేమోనని భయంగా ఉంది. ద్వేషించే శక్తి నాకు కలిగేట్టు ప్రార్థన చేయండి."

నా పరిచర్యలో అనేక ప్రార్థన మనవులు వచ్చినవి. వ్యాధి కొరకు, ఉద్యోగము కొరకు, బిడ్డల పెండ్లిండ్ల కొరకు ప్రార్థించితిని. తల్లిని ద్వేషించుటకు శక్తి కావలెనని అడిగినవాడు ఇతడొక్కడే. ఆ ప్రార్థన నేను చేయలేదు. అయితే ఆ బిడ్డను చూచి నవ్వుటకును లేదు. వాక్యమునకు లోబడవలెనని అతనికున్న ఆశ మనలో ఎందరికున్నది? అతనికి కొదువైనది విధేయత కాదు. ప్రభువు ఏయే రీతులుగా మాటలాడునో అతనికి ఎవరును నేర్పలేదు. అందుచేత పరిశుద్ధ గ్రంథములోని అలంకారములను గూర్చి, అనగా ఒక సంగతిని సూటిగా గాక పోలికగాను, పెంచియు, మార్చియు చెప్పు రీతులను గూర్చి ఈ దినమున ధ్యానింతము.

మన నోట దినదినము పలుకు అలంకారములు

అలంకారములనగానే బడిలో తెలుగు మాస్టారు కంఠతా పట్టించిన పాఠము గుర్తుకు వచ్చి కొందరు భయపడుదురు. భయపడవద్దు. చదువురాని అవ్వ కూడ దినమునకు నూరు అలంకారములు పలుకును. మదనపల్లె టమోటా మార్కెట్టు నుండి తిరిగి వచ్చిన రైతు "ధర నేల మీద పడిపోయింది" అనినయెడల ఎవరైనను వంగి నేలమీద వెదకుదురా? "ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేట్టు తిరిగినాను" అనినవాని కాళ్ళు కొలిచి చూతురా? "ఊరంతా పెండ్లికొచ్చింది" అనగా ఇండ్లు, బావులు, రచ్చబండ నడిచి వచ్చినవని ఎవరును అనుకొనరు. "కండ్లలో వత్తులేసుకొని ఎదురు చూస్తా ఉండాను" అని తల్లి చెప్పినప్పుడు నూనె తెమ్మని ఎవరును పరుగెత్తరు. ఈ మాటలు అబద్ధములు కావు. సూటిగా చెప్పిన మాటకంటె ఇవి మరింత నిజము చెప్పుచున్నవి. "చాలా సేపు ఎదురు చూచితిని" అనుటలో లేని తల్లి మనస్సు ఆ వత్తులలో నున్నది.

మన దేవుడు మనుష్యుల భాషలో మాటలాడెను. కాబట్టి మనుష్యులు మాటలాడు రీతులన్నియు ఆయన వాక్యములో కలవు. గొల్లలు, రైతులు, జాలరులు, రాజులు ఆ గ్రంథములో మాటలాడుచున్నారు. మన ఇంటిలో మనము ఇట్టే గ్రహించు ఈ సంగతిని, బైబిలు చేతికి తీసికొనగానే మరచిపోవుచున్నాము.

సువార్తలలోనే పొరబడినవారు

ఈ పొరపాటు మనతో మొదలు కాలేదు. ప్రభువు ఎదుట నిలిచి ఆయన స్వరము వినినవారే పొరబడిరి. క్రొత్తగా జన్మించుటను గూర్చి వినిన నీకొదేము తల్లి గర్భమును గూర్చి అడిగెను (యోహాను 3:4). జీవజలమును గూర్చి వినిన సమరయ స్త్రీ, ఇక బావికి వచ్చు పని తప్పునని సంతోషించెను (యోహాను 4:15). పరిసయ్యుల పులిపిండిని గూర్చి జాగ్రత్తపడుడని చెప్పగా, రొట్టెలు తేనందుకు గద్దించుచున్నాడని శిష్యులు తమలో తాము అనుకొనిరి. ఆయన చెప్పినది బోధను గూర్చియని వారికి తరువాత తెలిసెను (మత్తయి 16:6-12). లాజరు నిద్రించుచున్నాడనగా, నిద్ర పట్టినది గనుక బాగుపడునని వారు తలంచిరి. అప్పుడు ప్రభువు అలంకారము విడిచి, అతడు చనిపోయెనని స్పష్టముగా చెప్పెను (యోహాను 11:11-14). చూచితిరా, గ్రహింపలేని శిష్యులను ఆయన వెళ్ళగొట్టలేదు. విడమరచి చెప్పెను.

అయితే ఒక పొరపాటు మాత్రము మిక్కిలి భయంకరమైనది. దేవాలయమును పడగొట్టినయెడల మూడు దినములలో తాను దానిని లేపుదునని ప్రభువు చెప్పెను. ఆయన పలికినది తన శరీరమను ఆలయమును గూర్చి. వినినవారు రాతి కట్టడమును చూచి, కట్టుటకు నలువదియారు సంవత్సరములు పట్టినదే యని వాదించిరి (యోహాను 2:19-21). ఆ మాటయే తరువాత న్యాయసభలో ఆయన మీద నేరముగా మోపబడెను (మత్తయి 26:61). సిలువ యొద్ద దారిన పోవువారు ఆ మాటనే ఎత్తి ఆయనను దూషించిరి (మత్తయి 27:40). అలంకారమును అలంకారముగా గ్రహింపకపోవుట చిన్న సంగతి కాదని దీనివలన తెలియుచున్నది.

ముఖ్యమైన రీతులు కొన్ని

మొదటిది, ఉపమాలంకారము. "వలె", "రీతిగా", "పోలి" అను మాటలున్న చోట దీనిని సులభముగా గుర్తుపట్టవచ్చును. యెషయా 53:6లో ప్రవక్త మనలను దారి తప్పిన గొఱ్ఱెలతో పోల్చెను. బడిలో నేర్పిన నాలుగు భాగములు ఇక్కడ చూడుడి. ఉపమేయము మనము. ఉపమానము గొఱ్ఱెలు. సమానధర్మము దారి తప్పుట. ఉపమావాచకము "వలె". ఇందులో ముఖ్యమైనది సమానధర్మము. పోలిక ఏ విషయములోనో ఆ విషయము వరకే దానిని తీసికొనవలెను. మలాకీ 4:2లో దేవుని భయముగలవారు కొట్టము విడిచి గంతులు వేయు దూడలతో పోల్చబడిరి. పుంగనూరు ఆవు ఉన్న ఇంటివారికి ఇది చెప్పనక్కర లేదు. ఉదయమున పలుపు విప్పగానే ఆ పొట్టి దూడ వాకిలంతయు ఎగురును. పోలిక ఆ సంతోషమునందే. దూడకు నాలుగు కాళ్ళు, తోక ఉన్నవి గనుక వాటికి ఆత్మీయ అర్థమేమని వెదకవద్దు.

ఇక్కడ ఒక మాట గమనింపుడి. వ్యాకరణములో ఉపమానమనగా దేనితో పోల్చుదుమో ఆ వస్తువు. మన తెలుగు బైబిలులో ఉపమానమనగా ప్రభువు చెప్పిన పోలిక కథ. విత్తువాడు, తప్పిపోయిన కుమారుడు, పదిమంది కన్యకలు మొదలైనవి. మాట ఒక్కటే, వాడుకలు రెండు. మీ పిల్లలు పరీక్షకు చదువుకొనునప్పుడు ఈ తేడా వారికి చెప్పుడి.

రెండవది, రూపకము. ఇందులో "వలె" అను మాట ఉండదు. ఇది అదే యని చెప్పబడును. ప్రభువు తన్నుతాను ద్వారమనియు (యోహాను 10:9), ద్రాక్షావల్లియనియు (యోహాను 15:1) చెప్పెను. ఆయన చెక్కతో చేయబడలేదు. అయినను గొఱ్ఱెల దొడ్డికి ద్వారమెట్లో, రక్షణకు ఆయన అట్లే. లోపలికి పోవుటకు వేరొక మార్గము లేదు.

మూడవది, అతిశయోక్తి. సత్యము మనస్సుకు గట్టిగా తగులుటకై దానిని పెంచి చెప్పుట. ఒంటెను మ్రింగుట (మత్తయి 23:24), కంటిలో దూలము ఉండుట (మత్తయి 7:3) ఇట్టివే. లూకా 17:6లో ఆవగింజంత విశ్వాసముండినయెడల కంబళిచెట్టు వేళ్ళతో సహా లేచి సముద్రములో నాటుకొనునని ప్రభువు చెప్పెను. కంబళిచెట్టనగా మల్బరీ జాతి చెట్టే. పట్టుపురుగుల కొరకు మల్బరీ పెంచు మన రైతులు దానిని ఎప్పటికప్పుడు నరికి పొదగానే ఉంచుదురు. ప్రభువు చూపిన చెట్టు అట్టిది కాదు. లోతుగా వేరు పారిన పెద్ద చెట్టు. సముద్రములో మల్బరీ తోట వేయుట ఆయన ఉద్దేశము కాదు. మీకు అసాధ్యముగా కనబడునది దేవునికి అసాధ్యము కాదని ఆయన భావము.

నాలుగవది, ప్రాణము లేనివాటికి ప్రాణమున్నట్లు చెప్పుట. చెట్లు చప్పట్లు కొట్టుట (యెషయా 55:12), హేబెలు రక్తము నేలలోనుండి మొఱపెట్టుట (ఆదికాండము 4:10) ఇందుకు ఉదాహరణలు. దేవునికి రెక్కలున్నట్లు 91వ కీర్తన చెప్పునప్పుడును, కోడి తన పిల్లలను దాచినట్లు ఆయన మనలను దాచునని గ్రహింతుము గాని, ఆయనను పక్షిగా ఊహింపము.

ఐదవది, ఒకదాని పేరు చెప్పి దానితో సంబంధమున్న వేరొకదానిని తెలియజేయుట. లూకా 16:29లో మోషేయు ప్రవక్తలును వారియొద్ద ఉన్నారని అబ్రాహాము చెప్పుచున్నాడు. మోషే అప్పటికి చనిపోయి ఎన్నో తరములు గడచినవి. వారియొద్ద ఉన్నవి ఆయన వ్రాసిన గ్రంథములు.

ఆరవది, ఎత్తిపొడుపు. కర్మెలు పర్వతము మీద ఏలీయా, మీ దేవుడు ప్రయాణములో ఉన్నాడేమో, నిద్రించుచున్నాడేమో, ఇంకను గట్టిగా కేకలు వేయుడని బయలు ప్రవక్తలకు చెప్పెను (1 రాజులు 18:27). ఏలీయా బయలును నమ్మెనా? లేదు. స్వరము వినబడని కాగితము మీద ఎత్తిపొడుపును గుర్తించుట కష్టము. అందుచేతనే ముందు వెనుక వచనములు చదువవలెను.

ఏడవది, జంట పాదములు. హెబ్రీ కవులు ఒకే సంగతిని రెండు మారులు వేర్వేరు మాటలతో చెప్పుదురు. 19వ కీర్తన మొదటి వచనము తీసి చూడుడి. రెండు పాదములు, సంగతి ఒకటే. రెండవ పాదములో వేరొక రహస్యమున్నదని వెదకి అలసిపోవద్దు.

అనువాదకుల ప్రయాస

ఈ అలంకారములు హెబ్రీ, గ్రీకు భాషలనుండి మన తెలుగులోనికి దాటి వచ్చినవి. దాటించినవారి శ్రమను కూడ తలంచుకొందము. విశాఖపట్టణములో జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అను మిషనరీలు ఆనందరాయరు అను తెలుగు విశ్వాసి సహాయముతో సువార్తల అనువాదము ప్రారంభించిరి. అవి 1812లో శ్రీరాంపురమున అచ్చగునాటికి ఆ మిషనరీలిద్దరును కన్నుమూసియుండిరి. మన మదనపల్లెకు 1863లో వచ్చిన మిషనరీ వైద్యుడు జేకబ్ చాంబర్లేన్, తెలుగు బైబిలును సవరించు సంఘమునకు చాలా కాలము అధ్యక్షుడుగా పనిచేసెను. ఆయన 1908లో మదనపల్లెలోనే ప్రభువునందు నిద్రించెను. ఇప్పుడు నేను "నిద్రించెను" అంటిని. ఇదియు అలంకారమే గదా!

అనువాదకుని ఎదుట ప్రతి అలంకారము ఒక ప్రశ్న. అట్లే ఉంచవలెనా, మార్చవలెనా? మంచు కురియుట చూడని మన తెలుగు ప్రాంతములో యెషయా 1:18లోని హిమమును వారు అట్లే ఉంచిరి. జక్కయ్య ఎక్కిన చెట్టు పాలస్తీనాలో పెరుగు ఒక జాతి అత్తి. మనకు దానికి దగ్గర బంధువు మేడి చెట్టు గనుక మేడి యని వ్రాసిరి. హెబ్రీయులు మనిషి లోపలి తలంపులను మూత్రపిండములకు ఆరోపించి మాటలాడిరి. తెలుగులో అది పొసగదు గనుక అంతరింద్రియములని మార్చిరి.

వీటన్నిటికంటె నన్ను కదిలించిన మాట మత్తయి 9:36లో నున్నది. కాపరి లేని గొఱ్ఱెలవంటి జనసమూహమును చూచి ప్రభువు కనికరపడెను. అక్కడి గ్రీకు మాట పేగులను సూచించు మాటనుండి పుట్టినది. కడుపులోపల కదలిక పుట్టెనని దాని భావము. మన పల్లెలో బిడ్డ కష్టము చూచిన తల్లి ఏమనును? "కడుపు తరుక్కుపోయింది నాయనా" అనును. గ్రీకు పండితులు వివరించుటకు ప్రయాసపడు మాట మన తల్లుల నోట పుట్టుకతో నున్నది.

"ద్వేషించుట" అనగానేమి?

ఇప్పుడు ఆ యౌవనస్థుని ప్రశ్నకు వత్తము. ప్రభువు తల్లిని ద్వేషింపుమని చెప్పెనా? వాక్యముతోనే వాక్యమును పోల్చి చూతము.

ఆదికాండము 29:30-31 చదువుడి. యాకోబు లేయాకంటె రాహేలును ఎక్కువగా ప్రేమించెనని ఒక వచనము చెప్పుచున్నది. వెంటనే వచ్చు వచనములో లేయాను గూర్చి, ద్వేషింపబడినదను హెబ్రీ మాట వాడబడినది. యాకోబు లేయాతో కాపురము చేసెను, ఆమెవలన బిడ్డలను కనెను. ఇద్దరిలో ఆమెకు రెండవ స్థానమిచ్చుటనే ఆ భాషలో అట్లు పలికిరి. ఇద్దరు భార్యలను గూర్చిన ద్వితీయోపదేశకాండము 21:15లోను ఇదే వాడుక కనబడును. ప్రేమించుట, ద్వేషించుట అను రెండు మాటలను ఎదురెదురుగా నిలిపి, ఎక్కువ తక్కువలను తెలుపుట వారి రీతి.

తరువాత మత్తయి 10:37 తీయుడి. ఇదే బోధ అక్కడ విడమరచి చెప్పబడినది. తండ్రినైనను తల్లినైనను తనకంటె ఎక్కువగా ప్రేమించువాడు తనకు తగినవాడు కాడని ప్రభువు చెప్పుచున్నాడు. లూకా బలమైన అలంకారముతో వ్రాసినదే మత్తయిలో సూటియైన మాటగా నున్నది. తూనికలో ఒక తట్ట ప్రభువుది, ఒక తట్ట తక్కిన అందరిది. ప్రభువు తట్టయే ఎప్పుడును బరువుగా ఉండవలెను.

ఇంకను చూడుడి. తలిదండ్రులను సన్మానింపవలెనను ఆజ్ఞను ప్రభువు కొట్టివేయలేదు. దేవునికి అర్పితము, కొర్బాను అని చెప్పి తలిదండ్రులకు చేయవలసినది ఎగగొట్టినవారిని ఆయన కఠినముగా గద్దించెను (మార్కు 7:9-13). భక్తి పేరట తల్లిని విడిచిపెట్టుట ఆయన దృష్టికి భక్తి కాదు. చివరకు సిలువ మీద, ఊపిరి తీయుటయే బాధయైన ఆ గడియలో, తన తల్లిని శిష్యునికి అప్పగించెను (యోహాను 19:26-27). తానే తల్లిని అట్లు ప్రేమించినవాడు, నీవు నీ తల్లిని పగవానివలె చూడుమని చెప్పునా?

రెండు గోతులు

అయితే జాగ్రత్త! దారికి ఇరుప్రక్కల గోతులున్నవి. ఒకటి, అలంకారమును అక్షరార్థముగా తీసికొనుట. మూడవ శతాబ్దపు గొప్ప బోధకుడైన అలెగ్జాండ్రియ ఓరిగెను యౌవనములో మత్తయి 19:12ను అక్షరార్థముగా తీసికొని తన శరీరమునకు తానే హాని చేసికొనెనని చరిత్రకారుడైన యూసేబియసు వ్రాసెను. కన్ను పెరికివేయుట, చెయ్యి నరికివేయుటను గూర్చిన మత్తయి 5:29-30 కూడ ఇట్టిదే. కన్ను పోయినను మనస్సు మోహింపగలదు.

రెండవ గోయి, సూటియైన మాటను అలంకారముగా చేసి తప్పించుకొనుట. యోతాము గెరిజీము కొండ మీద నిలిచి చెట్లు రాజును వెదకిన కథ చెప్పెను (న్యాయాధిపతులు 9:7-15). అది కథయని వినినవారికందరికిని తెలియును. ప్రభువు సమాధినుండి లేచుట అట్టి కథ కాదు. చూచినవారి పేర్లు, లెక్క పౌలు చెప్పుచు, క్రీస్తు లేవనియెడల మన విశ్వాసము వ్యర్థమని తేల్చెను (1 కొరింథీయులకు 15వ అధ్యాయము). క్షమింపుమను ఆజ్ఞ, దొంగిలవద్దను ఆజ్ఞ అలంకారములు కావు. పొరుగువానితో సరిహద్దు గట్టు కొరకు కోర్టులో పోరాడువాడు, "క్షమాపణ అనునది ఆత్మీయ భావములో" అని చెప్పుట నేను వింటిని. మనకు కష్టమైన ప్రతి ఆజ్ఞను అలంకారమని పిలిచినయెడల, బైబిలులో మనము చేయవలసినది ఏమియు మిగలదు.

పోలికను సాగదీయుట కూడ ఈ గోతికి దగ్గరలోనే యున్నది. మంచి సమరయుని ఉపమానములో పూటకూళ్ళవాడు అపొస్తలుడైన పౌలని అగస్టీను భక్తుడు వివరించెను. ఆయన గొప్ప దైవజనుడే. కాని ప్రభువు ఆ కథ చెప్పినది పొరుగువాడెవడను ప్రశ్నకు. నీవు వెళ్ళి అట్లు చేయుమనుట దాని ముగింపు. పూటకూళ్ళవాడెవడో కనిపెట్టి, దారిలో పడియున్నవానిని దాటిపోయినయెడల ఏమి లాభము?

ఒక సంగతి మరువకుడి. అలంకారము ఆజ్ఞకు తగ్గింపు కాదు. కన్ను పెరుకుకొనవద్దని తెలిసినది గనుక నెమ్మదిగా ఉందమని కాదు. నిన్ను పాపములోనికి లాగునది కన్నంత ప్రియమైనదైనను విడిచిపెట్టుమని ప్రభువు చెప్పుచున్నాడు. అది నీ చేతిలోని సెల్‌ఫోను కావచ్చును, ఒక స్నేహము కావచ్చును.

ఎట్లు గుర్తించవలెను?

చదువునప్పుడు ఈ ప్రశ్నలు వేసికొనుడి. మొదట, ఈ మాటను ఎవరు, ఎవరితో, ఏ సందర్భములో పలికిరి? రెండవది, సూటియైన అర్థము తీసికొనిన అది అసాధ్యమగునా, లేక దేవుడు వేరొకచోట స్పష్టముగా ఇచ్చిన ఆజ్ఞకు విరోధమగునా? కానియెడల సూటియైన అర్థమునే తీసికొనుడి. మూడవది, ముందు వెనుక వచనములలో దీని వివరణ ఉన్నదా? నాల్గవది, ఇదే సంగతి వేరొకచోట సూటిగా చెప్పబడినదా? ఐదవది, పోలిక ఏ ఒక్క విషయములో? ఆరవది, ఇది నన్ను ఏమి చేయుమని అడుగుచున్నది? ఈ ఆరవ ప్రశ్న విడిచిపెట్టినవాడు తక్కిన అయిదింటికి జవాబులు వ్రాసినను పరీక్ష తప్పినవాడే.

దేవుడు అన్నియు సూటిగా ఎందుకు చెప్పలేదని అడుగుదురేమో. దావీదు నొద్దకు నాతాను వచ్చిన దినమును తలంచుకొనుడి (2 సమూయేలు 12). సూటిగా నేరము మోపినయెడల రాజు తలుపు మూసికొనియుండును. పేదవాని గొఱ్ఱెపిల్ల కథ వినినప్పుడు ఆ తలుపు తెరచుకొనెను. దావీదు కోపముతో తీర్పు చెప్పిన తరువాతనే, ఆ మనుష్యుడవు నీవేయని ప్రవక్త వ్రేలు చూపెను. అలంకారము మన హృదయములోనికి దేవుడు వచ్చు పెరటి వాకిలి.

ఆ తల్లి మాట

నేను ఆ యౌవనస్థునికి జవాబు వ్రాసితిని. పైన చెప్పిన వచనములన్నియు వ్రాసి, చివర ఒక మాట చేర్చితిని. "తమ్ముడా, నీవు రెండు మాటలను అక్షరార్థముగా తీసికొంటివి. ఒకటి ప్రభువు మాట, రెండవది నీ తల్లి మాట. 'నువ్వు నా కొడుకువే కాదు' అని ఆమె అనినది. కొడుకు కానివాని కొరకు ఎవరైనను కబుర్లు పంపుదురా? అది ద్వేషము కాదు, గాయపడిన కడుపు. నీవు ఇంటికి వెళ్ళుము. ఆమె వండినది తినుము. పొలములో ఆమె పని అందుకొనుము. అయితే ప్రభువును విడిచిపెట్టుమని ఆమె అడిగినయెడల, ఆ ఒక్కచోట మాత్రము నీ ప్రభువే ముందు. అప్పుడు కూడ కేకలు వేయక, తల వంచి, ప్రేమతో కాదనుము. ప్రభువు నిన్ను అడిగిన ద్వేషము అంతమట్టుకే."

ఈ చివరి మాట తేలికైనది కాదని నాకు తెలియును. ఇంటిలో ఒంటరిగా ప్రభువును వెంబడించువారు ఈ పత్రికను చదువుచున్నయెడల, మీ సిలువ బరువును నేను తగ్గించి చెప్పుట లేదు. ప్రభువు అడిగిన దానికంటె ఎక్కువ బరువును, మన అజ్ఞానమువలన, మీ భుజము మీద వేయవద్దని మాత్రమే చెప్పుచున్నాను. సంఘకాపరులారా, క్రొత్తగా నమ్మిన బిడ్డలకు బైబిలు చేతికిచ్చి ఊరకుండకుడి. చదువుట నేర్పుడి.

కొన్ని వారములకు అతని యొద్దనుండి ఇంకొక ఉత్తరము వచ్చెను. చిన్న ఉత్తరము. "అయ్యగారూ, శనివారం రాత్రి ఇంటికి పోయినాను. గడప దగ్గరే నిలబడినాను. అమ్మ ఏమీ అడగలేదు. 'సంగటి చల్లారిపోతాది, కూర్చోని తిను' అనింది. ఇంకా ఆమె ప్రభువును నమ్మలేదు. ఆదివారం మందిరానికి బయలుదేరితే వద్దు అనలేదు."

చదువరులారా, ఆ తల్లి పలికినది సంగటిని గూర్చియేనా? ఆ మాటను ఏ రీతిగా పలికెనో ఆ కుమారునికి ఈసారి అర్థమాయెను. మన పరలోకపు తండ్రి మాటను కూడ అట్లే గ్రహించు మనస్సు ఆయన మనకనుగ్రహించును గాక.

ప్రార్థన చేసికొందము: ప్రేమగల తండ్రీ, మా భాషలో మాతో మాటలాడినందుకు నీకు స్తోత్రములు. నీ మాటను తప్పుగా గ్రహించి మేము గాయపరచిన మా ఇంటివారిని స్వస్థపరచుము. సూటియైన నీ ఆజ్ఞలనుండి తప్పించుకొనిన మా మోసమును క్షమించుము. ఇంటిలో ఒంటరిగా నిన్ను వెంబడించు బిడ్డలను బలపరచుము. నిన్ను అందరికంటె ఎక్కువగాను, మా వారిని నీయందును ప్రేమించుటకు మాకు నేర్పుమని యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.